కొబ్బరి నూనెతో తుపాకీ తుడవొచ్చా?

ప్రశ్న: ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసే) గారికి నమస్కారం. మాది కోనసీమలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. మా నాన్నగారికి రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకీ ఉండేది. ఆయన పోయాక దాన్ని పోలీసు స్టేషన్లో అప్పజెప్పి, వారసురాలిగా దరఖాస్తు పెట్టుకున్నాను. లైసెన్సు నా పేరుకి వచ్చాక ఇంటికి తెచ్చుకున్నాను. 2024 ఎన్నికలప్పుడు అందరితోపాటు మళ్ళీ డిపాజిట్ చేశాను. తిరిగొచ్చాక చూస్తే గొట్టాల మీద గోధుమరంగు చుక్కలు. నాన్న ఏటా దసరాకి తీసి కొబ్బరి నూనె రాసేవారు, అదే రాయమంటోంది అమ్మ. మా బైకు మెకానిక్ డబ్ల్యూడీ-40 కొట్టమంటున్నాడు. వడ్రంగి బాబాయి అవిసె నూనెకి మించింది లేదంటున్నాడు. టెక్సాస్‌లో ఉన్న మా తమ్ముడేమో, "బాలిస్టాల్ అని జర్మన్ నూనె ఉందక్కా, ఇనుముకీ చెక్కకీ తోలుకీ అన్నిటికీ అదొక్కటే, సంక్రాంతికి వచ్చేటప్పుడు స్ప్రే డబ్బాలు రెండు తెస్తా" అంటున్నాడు. నా చేతులకి తొందరగా దద్దుర్లొస్తాయి, ఘాటు వాసనలు పడవు. ఏది రాయమంటారు?
– ఒక పాఠకురాలు, అమలాపురం దగ్గర

సమాధానం:

అమ్మా,

ముందు మీ అమ్మగారి తరఫున ఒక మాట. కొబ్బరి నూనె రాసినందువల్ల మీ తుపాకీ పాడవలేదు. ఇన్నేళ్లు అది నిలబడింది ఆ నూనె గొప్పతనం వల్లా కాదు, మీ నాన్నగారి చేతి వల్ల. మరవకుండా బీరువాలోంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, ఏదో ఒక నూనె పట్టించే చెయ్యి ఉంటే ఇనుము బతుకుతుంది. ఆ చెయ్యి లేని ఇళ్లలో ఖరీదైన నూనె సీలు కూడా తీయకుండా అరలో ఉంటుంది, దాని పక్కనే తుపాకీ తుప్పు పడుతూ ఉంటుంది. నేను పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా చేసినన్నాళ్లూ, ఆ తర్వాత తెలిసినవాళ్లు సలహా అడిగినప్పుడూ ఎన్నో పన్నెండు బోర్లు చూశాను. కాల్చి కాల్చి అరిగిపోయింది వాటిలో ఒక్కటీ లేదు. అన్నీ పడుకుని పడుకుని చెడినవే.

అందుకని మీ ప్రశ్నని కాస్త తిప్పి అడుగుతాను. మీ తుపాకీ ఏడాదికి ఎన్ని తూటాలు కాలుస్తుంది? ఒక్కటీ కాల్చదనుకుంటాను. ఏడాది పొడుగునా ఉప్పుగాలి తగిలే గదిలో పడుకునే ఉంటుంది. రేంజిలో వారం వారం కాల్చేవాళ్లకి మసినీ సీసాన్నీ కరిగించే పదునైన ద్రావకాలు కావాలి. వాళ్లు రైఫిల్ గొట్టంలో రాగి పొర వదలడానికి అమ్మోనియా ఘాటు ఉన్న మందులు కూడా వాడతారు. మీకు వాటితో పని లేదు. మీకు కావలసింది పడుకునే తుపాకీకి తగిన నూనె. ఇనుము మీద పల్చగా నిలిచి ఉండాలి, నెలలు గడిచినా జిడ్డుగట్టకూడదు, నల్లరంగు పూతని తినకూడదు, పొరపాటున చెక్క మీద పడ్డా హాని చేయకూడదు, మీ చేతికీ ముక్కుకీ పడాలి. ఈ లెక్కతో మీ నలుగురు సలహాదారుల మాటలు చూద్దాం.

కొబ్బరి నూనెకి రెండు ఇబ్బందులు. ధనుర్మాసంలో తెల్లారి మీ ఇంట్లో సీసా చూడండి, నూనె గడ్డకట్టి ఉంటుంది. దాదాపు 24 డిగ్రీల దగ్గర అది గట్టిపడటం మొదలెడుతుంది. తలకి రాసుకునే నూనె అయితే ఎండలో పెట్టుకుంటాం, తుపాకీ లోపలి స్ప్రింగుల సందుల్లో గడ్డకడితే ఏం చేస్తాం? రెండోది, గింజలోంచి తీసిన ఏ నూనె అయినా గాలి తగిలి మెల్లగా ముదురుతుంది, పులుస్తుంది. పొయ్యి పక్కన ఉండే నూనె డబ్బా అడుగున పసుపుపచ్చగా, గోరుతో గీకితే తప్ప రాని జిడ్డు మీకు తెలిసే ఉంటుంది. నువ్వుల నూనె, వేరుశనగ నూనె రాసిన తుపాకీ లోపల జరిగేదీ అదే. కొబ్బరి నూనె వాటికంటే నెమ్మదిగా పాడవుతుంది కాబట్టి మీ నాన్నగారు గట్టెక్కారు. ఆముదం కూడా అంతే. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల ఇంజన్లలో ఆముదమే పోసేవారు, క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచి వచ్చిందే. వేడి మీద తిరిగే ఇంజన్‌లో ఆముదం మహారాజు. చల్లగా పడుకున్న తుపాకీలో మాత్రం బంక.

మీ మెకానిక్ చెప్పింది సగం నిజం. డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో తయారుచేశారు. పేరులోనే అర్థం ఉంది: నీటిని తోసేసే మందు, నలభయ్యో ప్రయత్నం. దాని పని నీటిని తరమడం. వానలో తడిసిన తుపాకీ మీద వెంటనే కొట్టడానికి అంతకంటే మంచిది లేదు. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకమే. ఆరాక మిగిలే పొర బాగా పల్చన, మీ ఊరి గాలికి అది ఎన్నాళ్లో ఆగదు. పైగా స్ప్రే కదా అని సందుల్లోకి కొట్టేస్తారు, లోపల అంతకుముందున్న మంచి నూనెని అది కడిగేస్తుంది. వానకి వాడండి, నిల్వకి వద్దు. అన్నట్టు ఆ మెకానిక్ సలహా చెప్పినంతవరకే. తుపాకీని అతని షెడ్డుకి పంపకండి, మీరు లేకుండా అతని చేతికీ ఇవ్వకండి. లైసెన్సు మీ పేరున ఉంది. మరమ్మతు చేయడానికి చేసేవాళ్లకి కూడా లైసెన్సు ఉండాలి.

వడ్రంగి బాబాయి చెప్పింది చెక్క వరకూ అక్షరాలా నిజం. వాల్‌నట్ బట్టుకి, అంటే భుజానికి ఆనించే వెనక చెక్కకి, అవిసె నూనె రుద్దడం ఇంగ్లీషు తుపాకులవాళ్ల పాత పద్ధతి. గాలి తగిలితే అవిసె నూనె గట్టిపడి చెక్కలో పొరలాగా ఆరిపోతుంది, చెక్కకి కావలసింది అదే. అదే గుణం ఇనుము భాగాల్లో చేరితే వార్నిష్ పోసినట్టు పట్టేస్తుంది. మీ బట్టు వెలిసిపోయి, పొడిబారి ఉంటే ఏడాదికోసారి రెండు చుక్కలు అరచేత్తో రుద్దండి. ఇనుము అంచు దాకా వెళ్లొద్దు. ఇంకో సంగతి, ఇది మాత్రం మరవకండి. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండ లోపల ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. విప్పి దండెం మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచి పెట్టండి.

ఇక మీ తమ్ముడి మాట. అతను చెప్పిన బాలిస్టాల్ నూనె మంచిదే, నేను చూసినవాటిలో మీ అవసరానికి దగ్గరగా ఉన్నది కూడా అదే. జర్మనీలో కొలోన్ దగ్గర క్లేవర్ కుటుంబానికి రసాయనాల ఫ్యాక్టరీ ఉండేది. సైన్యం వాళ్లని అడిగింది ఒక వింత కోరిక: సిపాయి సంచిలో ఒకే సీసా ఉండాలి, దాంతోనే రైఫిల్ ఇనుమూ కట్టెబట్టూ తోలుపట్టీ అన్నీ చూసుకోవాలి. 1904లో హెల్ముట్ క్లేవర్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ నూనె చేశాడు. ఆ మరుసటి ఏడాది సైన్యం తీసుకుంది, రెండో ప్రపంచయుద్ధం ముగిసేదాకా వాడింది. దాని ఆధారం వైద్యానికి పనికొచ్చేంత శుద్ధమైన తెల్ల ఖనిజ తైలం. మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ అని అమ్మే జాతిదే. అందులో ఓలియిక్ ఆమ్లం నుంచి చేసిన సబ్బు లాంటి పదార్థం, కొద్దిగా ఆల్కహాళ్లు, సువాసన తైలం కలుపుతారు. ఆ సబ్బు గుణం వల్ల నూనె కొంచెం క్షారంగా ఉంటుంది. చేతి చెమటలోనూ, పాత మసిలోనూ ఉండే పులుపుని అది విరిచేస్తుంది. గింజ నూనెల్లా ముదిరి బంక కట్టదు.

ఇంకో చిత్రమైన గుణం, నీళ్లలో కలుస్తుంది. ఫినాయిల్ పోస్తే బకెట్లో నీళ్లు తెల్లబడ్డట్టే పాలలాగా అవుతుంది. నూనెకి నీళ్లు శత్రువు కదా, ఇదేం సుగుణం అనిపించొచ్చు. నేను పనిలో చేరిన కొత్తల్లో త్రీనాట్‌త్రీ రైఫిళ్లు ఉండేవి. వాటి పాత తూటాల అడుగున నిప్పు పుట్టించే క్యాపులో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది ఒక రకం ఉప్పుగా మారి గొట్టం లోపల అంటుకుంటుంది. వానాకాలంలో ఉప్పు జాడీ చెమ్మగిల్లినట్టు ఆ ఉప్పు గాల్లో తేమని పీల్చుకుంటుంది. ఎంత మంచి నూనె రాసినా ఉప్పు నూనెలో కరగదు, దాని కింద దాక్కుని గొట్టాన్ని తినేస్తుంది. అందుకే ఫైరింగ్ అయ్యాక గరాటు పెట్టి మరిగే నీళ్లు గొట్టంలో పోయించేవారు. నీళ్లతో ఉప్పు పోతుంది, వేడికి గొట్టం ఆరుతుంది, అప్పుడు పుల్‌త్రూ తాడుకి చిందీ గుడ్డ కట్టి నూనె లాగాలి. కొత్తగా వచ్చిన కానిస్టేబుళ్లు తుపాకీలో నీళ్లు పోయడమేంటని నోరెళ్లబెట్టేవారు. పాలలాంటి ఈ నూనె నీళ్లు ఆ రెండు పనులూ ఒకేసారి చేస్తాయి. ఉప్పు నీళ్లలోకి పోతుంది, నీరు ఆరాక నూనె పొర మిగులుతుంది.

మీ పన్నెండు బోరుకి ఈ నీళ్ల అవసరం రాదు. ఇప్పటి తూటాల్లో చాలావాటికి ఆ ఉప్పు బెడద లేదు. కానీ ఈ శీర్షిక చదివేవాళ్లలో పంట కాపలాకి లైసెన్సు ఉన్న మజిల్ లోడర్ (మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీ) వాళ్లు కూడా ఉంటారు కాబట్టి చెబుతున్నాను. వాటిలో కూరే నల్ల తుపాకీ మందు కాలాక దాని బరువులో సగానికి పైగా పొగగానూ మసిగానూ మిగులుతుంది, ఆ మసి చెమ్మని పీలుస్తుంది. అది కాల్చిన సాయంత్రమే కడగాలి, మర్నాటికి ఆలస్యమే. ఒక పాలు నూనెకి పది పాళ్లు నీళ్లు, తర్వాత పొడిగుడ్డ, తర్వాత ఉత్త నూనె.

వాసన సంగతి. సోంపూ అతిమధురం కలిసినట్టు ఉంటుందని కొందరు, ఉతకని సాక్సులా ఉంటుందని మరికొందరు అంటారు. నాకు మాత్రం మొదటి రోజు రెండోది, వారానికి మొదటిది అనిపించింది. కిరసనాయిలు ఘాటు మాత్రం ఉండదు. చర్మానికి మెత్తనిదే, అయినా మీకు దద్దుర్ల బాధ ఉందన్నారు కాబట్టి పల్చటి రబ్బరు గ్లౌజులు వేసుకోండి. దానివల్ల ఇంకో లాభం, మీ వేళ్ల చెమట ఇనుము మీద పడదు. తుడిచి బీరువాలో పెట్టేశాక గొట్టం మీద అయిదు వేళ్ల ముద్రలూ తుప్పుతో తేలిన తుపాకులు నేను చూశాను, దొంగని పట్టుకోవడానికి పనికొచ్చేంత స్పష్టంగా ఉంటాయి. ఈ నూనె గాయాలకి మందనీ కడుపునొప్పికి తాగేవారనీ పాత కథలు మీ తమ్ముడికి ఎక్కడో తగిలే ఉంటాయి. తుపాకీ వరకే ఉంచండి.

స్ప్రే డబ్బాలు మాత్రం వద్దని చెప్పండి. మండే వాయువు నింపిన డబ్బాలు విమానంలో చేతిసంచీలోనూ పెద్ద పెట్టెలోనూ రెంటిలోనూ నిషేధమే, పెట్టె విప్పించి పారేయిస్తారు. అదీగాక స్ప్రే కొడితే సగం గదిలోకి పోతుంది, వాసన పడని మీకు అది ఇంకా కష్టం. విడి నూనె సీసాలో దొరుకుతుంది, దాన్నయినా తన విమాన సంస్థని అడిగి మరీ సర్దుకోమనండి. ఇక్కడే ఎవరైనా తెప్పించి అమ్ముతుంటే ఆ గొడవే లేదు. చుక్కలు వేయడానికి మందుల షాపులో దొరికే డ్రాపర్ చాలు.

ఒకవేళ ఆ సీసా రానే రాలేదు. అప్పుడు మీకు అమలాపురంలోనే దొరికే దారి చెబుతాను, దీన్ని చిన్నచూపు చూడకండి. మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ కొనండి. వాసన లేదు, రంగు లేదు, పులుపు లేదు, చర్మానికి పడుతుంది, ముదరదు. దానికి క్షారగుణం లేదు, మసిని అంతగా వదిలించలేదు, తుప్పుని ఆపడానికి కలిపే ప్రత్యేక మందులూ ఉండవు. కాబట్టి నెలకోసారి తుడిచే చోట పదిహేను రోజులకోసారి తుడవాలి, అంతే తేడా. కదిలే భాగాలకి కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క. మీ తాతగారి కాలంలో తుపాకీ నూనె అంటే రంగూన్ ఆయిలే. మన కోరంగి రేవులో ఓడెక్కి రంగం (బర్మా) వెళ్లినవాళ్ల కథలు మీ కోనసీమలో ఇంటింటికీ ఉంటాయి. ఆ రంగం దేశపు భూమిలోంచి తీసిన ముడి నూనెని శుద్ధి చేసి ఇంగ్లీషువాళ్లు తుపాకులకి వాడేవారు. అదీ ఖనిజ తైలమే. నూరేళ్ల కిందటే గింజ నూనెని వదిలి ఖనిజ తైలానికి మారారంటే కారణం ఉండే ఉంటుంది కదా.

సరే, పని ఎలా చేయాలో చూద్దాం. తుపాకీ తీయగానే మడిచి రెండు గొట్టాలూ ఖాళీయేనా అని కళ్లతో చూడండి, వేలితో తడమండి. నిన్న చూశాను కదా అనుకోవద్దు. తూటాల పెట్టె ఆ గదిలోనే ఉండకూడదు. భద్రత ఒకటే దీనికి కారణం కాదు, సందుల్లోకి పాకే నూనె తూటా క్యాపులోకి దిగితే మందు చచ్చిపోతుంది, అవసరమైన రోజున తూటా పేలదు. నూనె చేతులతో తూటాలు ముట్టుకోకండి.

గొట్టాల కింద ఉండే ముందరి చెక్క తీసి, గొట్టాలు వేరుచేసి, ఎప్పుడూ తూటా పెట్టే వైపు నుంచే గుడ్డ తొయ్యండి. మొదట పొడిగుడ్డ, తర్వాత నూనె తడిపిన గుడ్డ. ఒక అరగంట వదిలెయ్యండి. మసి మెత్తబడ్డాక కంచు తీగల బ్రష్ ఆడించి, గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా తుడిచి, చివరికి నూనె తగిలీ తగలనట్టున్న గుడ్డ ఒక్కసారి లాగండి. రెండు గొట్టాలకీ కలిపి అర చెంచా పట్టదు. మనవాళ్లకి నూనె అంటే ధారాళంగా పోయడమే, ఆవకాయ కలిపినట్టు. తుపాకీకి అది పనికిరాదు. పైన ఇనుము మీద వేలితో గీస్తే గీత కనపడాలి, చుక్క జారకూడదు. మడతపడే చోట ఉన్న పిన్నుకి ఒక చుక్క, తూటాని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కాడకి ఒక చుక్క. ఫైరింగ్ పిన్ను రంధ్రాల్లో మాత్రం వేయకండి, అక్కడ నూనె చేరితే దుమ్ము పట్టి పిన్ను బరువెక్కుతుంది. ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కి చూడటం కూడా మంచిది కాదు.

పని అయ్యాక ఒక రాత్రంతా మూతి కిందికి పెట్టి, కింద పాతగుడ్డ పరిచి, గోడకి ఆనించండి. తాళం వేసిన గదిలోనే సుమా. ఎందుకంటే మామూలుగా బట్టు కిందికి పెడితే మిగిలిన నూనె నెమ్మదిగా ఇనుము లోంచి జారి చెక్క తలలోకి దిగుతుంది. ఏళ్ల తరబడి అలా తాగిన చెక్క నల్లబడి, మెత్తబడి, ఒకరోజు సన్నగా పగులుతుంది. పాత ఇంగ్లీషు తుపాకుల బట్టులు సగం ఇలాగే చచ్చాయి, దానికి మెత్తటి నూనె అయినా మినహాయింపు కాదు. చెక్కకీ మంచిదని సీసా మీద రాసుంటే, చెక్కని అందులో నానబెట్టమని కాదు. ఇత్తడి భాగాల మీద ఈ నూనె ఎక్కువకాలం నిలిస్తే పచ్చగా మారుతుంది, చూసి కంగారుపడకండి, తుడిస్తే పోతుంది.

మీ గొట్టాల మీది చుక్కలకి ముందు నూనె రాసి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు గరుకు గుడ్డతో రుద్దితే పైపై తుప్పు వచ్చేస్తుంది. రాకపోతే అన్నిటికంటే సన్నని స్టీల్ ఊల్ తెచ్చి, నూనెలో తడిపి, వేలి బరువు కూడా మోపకుండా తిప్పండి. సాండ్‌పేపర్ తాకించొద్దు. అమ్మగారికి ఇంకో విషయం చెప్పాలి, చింతపండూ నిమ్మకాయా దేవుడి ఇత్తడి సామానుకే. తుపాకీ నల్లరంగు కూడా ఇనుముకి పట్టించిన ఒక రకం తుప్పే, కాపాడే తుప్పు. పులుపు చెడ్డ తుప్పునీ మంచి తుప్పునీ తేడా చూడదు, రెండూ ఊడదీసి తెల్లటి ఇనుము బయటపెడుతుంది. హార్డ్‌వేర్ షాపు రస్ట్ రిమూవర్లదీ ఇదే వరస.

చుక్కలు వదిలాక గొట్టంలోంచి వెలుతురు వైపు చూడండి. అద్దంలా మెరవాలి. లోపల మశూచి మచ్చల్లాంటి గుంటలు కనిపిస్తే అక్కడితో ఆపి, లైసెన్సు పుస్తకం పట్టుకుని, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరికి తీసుకెళ్లండి. పైన గొట్టాల మీద పాము చర్మంలా మెలికల గీతలు ఉన్నాయేమో కూడా చూడండి. ఉంటే అది పాతకాలపు మెలిపెట్టిన ఇనుప గొట్టం. దానిలో ఇప్పటి తూటా కాల్చడం ప్రమాదం, డీలర్ చూసి సరేననే దాకా అది గోడ మీది వస్తువే. ఏ నూనే ఆ లోపాన్ని సరిచేయలేదు.

దసరా గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. ఆయుధపూజ నాడు మా బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు దాచే గది) ముందు కూడా రైఫిళ్లు పేర్చి పసుపు కుంకుమలు పెట్టేవాళ్లం, ఎస్పీగారు వచ్చి హారతి ఇచ్చేవారు. తడి పసుపు, సున్నం కలిసిన కుంకుమ, గంధం, కొబ్బరికాయ నీళ్లు అన్నీ ఇనుము మీదే. మర్నాడు పొద్దున్నే వాటిని తుడిచే డ్యూటీ నాది. ఒక ఏడు విజయదశమి సెలవు కలిసొచ్చి రెండు రోజులు ఆగాను. బొట్టు పెట్టిన చోటల్లా నల్లరంగు పోయి గుండ్రంగా ఎర్రమచ్చ. మీరు బొట్టు బట్టు చెక్కకి పెట్టండి, అమ్మవారు తప్పు పట్టదు. గొట్టానికి పెట్టకపోతే మీ అమ్మగారికి మనసొప్పకపోతే ఆ సాయంత్రమే తుడిచెయ్యండి.

తుడిచాక ఎక్కడ పెడతారన్నది నూనె అంత ముఖ్యం. మీ నాన్నగారి తోలు సంచీ ఉండే ఉంటుంది. అది ప్రయాణానికే. తోలుని ఊనేటప్పుడు పట్టిన ఉప్పులు అందులో ఉంటాయి, చెమ్మనీ పీలుస్తుంది, అందులో జిప్పు వేసి ఉంచితే తుపాకీని తడిగుడ్డలో చుట్టినట్టే. సంచీకి అదే నూనె కాస్త పట్టించి విడిగా పెట్టుకోండి. తుపాకీని తాళం ఉన్న బీరువాలో, గోడకి తగలకుండా, పాత నూలు పంచె గుడ్డ చుట్టి పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేసి, వాటిని అప్పుడప్పుడు ఎండలో కాదు, పెనం మీద సన్నసెగన వేడిచేసి మళ్ళీ వాడుకోండి. జూన్ నుంచి డిసెంబరు దాకా, అంటే వానలూ తుపానులూ ఉన్నన్నాళ్లూ నెలకి రెండుసార్లు తుడవండి, మిగతా కాలం నెలకోసారి. ఏ నూనె బాగుందో నా మాట మీదే ఎందుకు నమ్మాలి? హార్డ్‌వేర్ షాపులో అరడజను మామూలు మేకులు కొని, సబ్బుతో జిడ్డు కడిగి ఆరబెట్టి, ఒక్కోదానికి ఒక్కో నూనె రాసి, ఒకదానికి ఏమీ రాయకుండా, సముద్రం వైపు కిటికీకి దారంతో వేలాడదీయండి. నెల తర్వాత మీ నలుగురు సలహాదారుల్నీ పిలిచి చూపించండి.

ఇక ఎన్నికల డిపాజిట్. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ 4న లెక్కింపు. మండుటెండలూ ఉక్కా ఉన్న కాలమంతా మీ తుపాకీ ఇంకో పదింటి పక్కన గోడకి ఆని ఉంది. స్టేషన్లో దాన్ని తుడవడం ఎవరి డ్యూటీ కాదు, వాళ్లని అనుకుని లాభం లేదు. అటువైపు నుంచి నేను కూడా ఏళ్లపాటు డిపాజిట్ తుపాకులు లెక్కపెట్టి తాళం వేసినవాణ్ణే. ఈసారి ఇచ్చే ముందురోజు మీరే సిద్ధం చేయండి. పూర్తిగా తుడిచి, పైన ఇనుముకంతా మందుల షాపు వాజలీన్ పల్చగా రుద్దండి, గొట్టం లోపల కూడా గుడ్డతో ఒక పూత. పల్చటి నూనె మూడు నెలలు నిలవదు, వాజలీన్ నిలుస్తుంది. ప్లాస్టిక్ కవరు చుట్టొద్దు, లోపల చెమ్మ పట్టుకుంటుంది. ట్రిగ్గర్ గార్డుకి ఒక చీటీ కట్టి "గొట్టంలో గ్రీజు ఉంది, తుడవకుండా కాల్చరాదు" అని పెద్ద అక్షరాలతో రాయండి. గొట్టంలో అడ్డు ఉండగా కాలిస్తే గొట్టం ఉబ్బిపోతుంది, చీలిపోతుంది కూడా. రసీదులో తుపాకీ నంబరుతోపాటు పరిస్థితి కూడా రాయమని అడగండి. ఇంటికి తెచ్చిన రోజే వాజలీన్ తుడిచి మామూలు నూనెకి మార్చుకోండి. స్టేషన్ బదులు లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్ చేసే వీలుంటే అదీ కనుక్కోండి, ఛార్జీ తీసుకుంటారు గానీ కొందరు తుడుస్తారు. మీ లైసెన్సు పుస్తకం చేతిలో ఉండగానే గడువు తేదీ కూడా ఒకసారి చూసుకోండి. 2019 సవరణ తర్వాత లైసెన్సు మూడేళ్లకి బదులు అయిదేళ్లు నడుస్తోంది, నాన్నగారి కాలంలోలాగా మూడేళ్లకోసారి గుర్తొచ్చే అలవాటు దీనివల్ల తప్పిపోతోంది.

తమ్ముడికి ఫోన్ చేసినప్పుడు, నూనె సీసాతోపాటు పన్నెండు బోరు కొలత కంచు బ్రష్ ఒకటి, మెత్తటి ఊలు మాప్ ఒకటి తెమ్మనండి. స్క్రూ గానీ స్ప్రింగ్ గానీ, తుపాకీ భాగం అనిపించేది ఏదీ పెట్టెలో వేసుకోవద్దని కూడా గట్టిగా చెప్పండి, కస్టమ్స్ దగ్గర పండగ గడిచిపోతుంది.